విత్తనపు పొట్టేలును సంతకు పోనివ్వం

నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల గొర్రెలు మేపుకునేవాళ్లం, పశువైద్యం చదివిన మా పిల్లలూ కలిసి రాసుకున్న ప్రణాళిక ఇది.

బక్రీద్ దగ్గరపడితే బేరగాడు దొడ్డిలోకి వస్తాడు. వెన్నుకు ఇరువైపులా వేళ్లతో కండ నొక్కి చూసి, అన్నిటికన్నా ముందు ఎదిగిన పొట్టేలును పట్టుకుంటాడు. చేతిలో డబ్బు లేక ఇచ్చేస్తాం. ఎవరికీ నచ్చక మిగిలిపోయినదే ఆ ఏడు మందను దాటుతుంది. ఎదుగుదల మేతను బట్టే అంటారు. చాలావరకు నిజం. కానీ కొంత తండ్రి నుంచీ తల్లి నుంచీ వస్తుంది. ఆ కొంతను తరం తరానా కసాయికి అప్పగిస్తున్నది మేమే.

దేశంలోని గొర్రెల్లో నెల్లూరు జాతిదే పెద్ద ఎత్తు. అయినా ఒకే చేలో మేసిన రెండు పిల్లలు ఒకేలా ఎదగవు. పెద్దగా కనిపించేది నెల ముందు పుట్టి ఉండొచ్చు. చిన్నది తల్లి పాలు పంచుకున్న కవల కావచ్చు. కంటిచూపుతో ఎంచితే మోసపోతాం.

లెక్క రాసి ఎంచడం పశువుల్లో ఎప్పుడో మొదలైంది. మన ఒంగోలు పశువుల సంతతే బ్రెజిల్‌లో నెలోర్ జాతి అయింది. 1960ల మొదట్లో వెళ్లిన ఒక గిత్త, ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరుతోనే అక్కడి వంశావళుల్లో నిలిచింది. అక్కడి పెంపకందారులు దూడల బరువులు రాసి, ఆ లెక్కతో తండ్రిని ఎంచుకున్నారు. ఇప్పుడు జన్యు పరీక్షలూ తోడయ్యాయి.

అలాగని కండ ఒక్కటే మా గురి కాదు. బెల్జియన్ బ్లూ పశువుల్లో కండను అదుపుచేసే మయోస్టాటిన్ జన్యువు దెబ్బతిన్నదని 1997లో తేలింది. ఒళ్లంతా కండే, కానీ చాలా ఆవులకు కోత కాన్పు తప్పదు. నల్లమల అంచున ఎండలో నడిచి మేసే గొర్రెకు గట్టి కాళ్లు, పిల్లకు చాలినన్ని పాలు, సులువైన ఈత కావాలి.

అందుకే ప్రతి పిల్ల పుట్టిన తేదీ, తల్లి, తండ్రి, ఒంటరో కవలో రాస్తాం. మూడో నెలలో, ఆరో నెలలో కాటా వేస్తాం. ఒకే అదనులో పుట్టినవాటినే పోల్చుతాం. ముందు వరసలో నిలిచిన పొట్టేలుకు బేరం పెట్టం. దాన్ని అమ్ముకోక నష్టపోయే కాపరికి మిగతా మందలవాళ్లం చందా వేసి సంత ధర ఇస్తాం. ఇది జరగకపోతే పై మాటలన్నీ కాగితం మీదే ఉంటాయి. పొట్టేలు తన కూతుళ్లనే దాటకుండా, రెండేళ్లకోసారి దాన్ని వేరే మందకు మారుస్తాం.

ప్రభుత్వాన్ని అడిగేది రెండే: ప్రతి గొర్రెల పెంపకందారుల సహకార సంఘానికి ఒక కాటా ఇవ్వాలి, తాను పంచే ప్రతి పొట్టేలుతో పాటు దాని తల్లిదండ్రుల బరువుల చీటీ ఇవ్వాలి.