లక్ష్యం అణువులోనే కాదు, దుబ్బు మొదట్లోనూ ఉంది

వంశధార ఎడమ గట్టున ఉన్న శ్రీముఖలింగం పరిసరాలలో ఖరీఫ్ అంటే వరి. ఆ వరికి ప్రధాన శత్రువులలో ఒకటి సుడిదోమ. ఇది నీటిమట్టానికి కాస్త పైన, దుబ్బుల మొదళ్లలో గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. పైపైన చల్లిన మందు ఆకుల మీదనే నిలిచిపోతుంది. సింథటిక్ పైరిథ్రాయిడ్లయితే సహజ శత్రువులను చంపి దోమ ఉద్ధృతిని మరింత పెంచుతాయి. ఇమిడాక్లోప్రిడ్‌ను ఈ పురుగు తట్టుకొంటున్నట్లు ఆసియా దేశాలలో నిర్ధారణ అయింది. కాబట్టి ఏ మందు వాడాలన్న ప్రశ్నకు ముందు, అది చేరవలసిన చోటికి చేరుతున్నదా అని అడగాలి.

వైద్యరంగం ఇదే ప్రశ్నకు న్యూక్లిక్ ఆమ్లాల నానో నిర్మాణాలలో సమాధానం వెతుకుతున్నది. డీఎన్ఏను నిర్మాణ సామగ్రిగా వాడవచ్చునని 1982లో నెడ్ సీమన్ ప్రతిపాదించాడు. పొడవైన పోగును చిన్న పోగులతో మడిచి కోరిన ఆకృతులు తేవచ్చునని 2006లో పాల్ రోతెమండ్ చూపాడు. మందును రోగగ్రస్త కణాలకే చేర్చే వాహకాలుగా వీటిని పరీక్షిస్తున్నారు. 2019లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఇటువంటి నిర్మాణాలతో పొగాకు జాతి మొక్క కణాలలోకి ఆర్ఎన్ఏను పంపి, ఒక జన్యువు పనిని తగ్గించగలిగారు. అయితే వారు దానిని ఆకులోకి సిరంజితో ఎక్కించారు; పిచికారీ చేయలేదు. ఈ తేడా చిన్నది కాదు.

బంగాళాదుంప పెంకు పురుగుపై పనిచేసే లెడ్‌ప్రోనా అనే ఆర్ఎన్ఏ మందుకు అమెరికా 2023 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. ఆ పురుగు ఆకును నమిలి తింటుంది గనుక ఆకుపై పడిన మందు దాని కడుపులోకి పోతుంది. సుడిదోమ మొక్క లోపలి పోషక నాళాల రసం పీల్చేది. ఆకుపై ఉన్న ఆర్ఎన్ఏ దానికి అందదు. వాహకం అవసరం ఇక్కడే ఏర్పడుతుంది. ఆ వాహకం ఎండకు, వానకు, మొక్కలోని ఎంజైములకు తట్టుకోవాలి. రైతు భరించగల ధరకు దొరకాలి.

అందువల్ల ఇటువంటి మందులను పరీక్షించేటప్పుడు దిగుబడి లెక్కలకంటే ముందు మూడు విషయాలు కొలవాలి: మొదళ్లకు ఎంత చేరింది, రసంలోకి ఎంత ప్రవేశించింది, సాలీళ్లకు, మిరిడ్ నల్లులకు హాని జరిగిందా? రాగోలు వంటి పరిశోధన స్థానాలలో ఈ ప్రయోగాల రూపకల్పన నుంచే విస్తరణ శాస్త్రవేత్తలకు భాగం ఉండాలి. అంతవరకు సీసాపై ‘నానో’ అన్న మాట కనబడినంత మాత్రాన దానిని సిఫారసుగా మార్చకూడదు.

ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయడం, నత్రజనిని మితంగా వేయడం, మడిని అప్పుడప్పుడు ఆరబెట్టడం, మందు మొదళ్లకు తగిలేలా పిచికారీ చేయడం పాత సలహాలే. మందును లక్ష్యానికి చేర్చే విద్యలో తొలి పాఠాలూ అవే. కాలిబాట లేని మడిలో ఎంత సూక్ష్మమైన వాహకమైనా ఆకుల మీదనే ఆగిపోతుంది.