వంట సంగతి సరే, నీళ్ల సంగతేంది?

జొన్న తినండి, కొర్ర తినండి, నీళ్లు కాచి తాగండి అని పెద్దారవీడు పల్లెలకొచ్చి చెప్పే పెద్దలకు ఒక మాట. కొర్రబువ్వ, జొన్నసంగటి మా వాడల తిండే. అలగా తిండని నవ్విందెవరు? ఇప్పుడు ప్యాకెట్లు కట్టి మాకే అమ్ముతున్నారు. పోనీండి.

మన పడమటి బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. కాస్తే అది పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుద్ది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారబడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి. అక్కలారా, తాగడానికి క్యాను కొని, కూడు బోరునీళ్లతో వండితే ఆ విషం బువ్వలోకీ పప్పులోకీ దిగుద్ది. వంటకూ మంచినీళ్లే వాడాలి. కూలి డబ్బుల్తో ఇంకో క్యాను కొనమనడానికి మాకు నోరు రావడంలేదు.

వెలిగొండకు 1996లో రాయి వేశారు. 2024లో సొరంగాలు జాతికి అంకితమన్నారు, ఆనాడూ చుక్క పారలేదు. మాల మాదిగ వాడల్లో ఇంటింటి కుళాయికి ఫ్లోరైడ్ లేని నీళ్లు ఇచ్చి రండి, కూర ఎట్టా వండాలో అప్పుడు మాట్లాడుకుందాం.