అరువు రేవుల నౌకాబలము

మన పట్టణములలోని పఠనమందిరములయందు నౌకాబలమును గూర్చిన ప్రసంగము వచ్చినపుడెల్ల విమానవాహక నౌకల పేర్లును, జలాంతర్గాముల సంఖ్యయు వినవచ్చుచుండును. 2022 సెప్టెంబరులో విక్రాంత్ నౌక మన దళమున చేరినపుడు దాని ఛాయాచిత్రమును చూచి పొంగనివాడు లేడు. మంచిదే. కాని ఆ మహానౌకకు నడిసముద్రమున తైలము నందించు ఓడ పేరేమని అడిగి చూడుడు. పదుగురిలో ఒక్కడు చెప్పిన గొప్ప. పైపెచ్చు 2023లో అట్టి ఓడల నయిదింటిని సుమారు 19,000 కోట్ల రూపాయలతో నిర్మింప కేంద్రప్రభుత్వము ఒప్పందము చేసికొనగా, నూనెబండ్లకు ఇంత ధనమా యని పెదవి విరిచినవారు చదువుకొన్నవారిలోనే కనబడిరి.

ఆ పెదవివిరుపునకు సమాధానము చెప్పవలసియున్నది. వారు ఈసడించుచున్న ఈ నూనెబండ్లు లేని నౌకాదళము ఎంత పెద్దదైనను అద్దెయింటి కాపురము వంటిది. యజమాని దయ యున్నంతవఱకే యందు పొయ్యి వెలుగును.

ఇది మా ఊహ కాదు. చరిత్ర చెప్పిన సాక్ష్యము. 1904 అక్టోబరులో రష్యా చక్రవర్తి బాల్టిక్ సముద్రమునుండి తన నౌకాదళమును జపానుమీదికి పంపెను. అడ్మిరల్ రోజెస్ట్‌వెన్‌స్కీ దానికి నాయకుడు. పోవలసిన దూరము సుమారు 18,000 మైళ్లు. నాటి యోడలు బొగ్గుతో నడచునవి; కొన్నాళ్లు నడచిన పిదప కొట్లు ఖాళీ యగును. ఆ దారిపొడవున రష్యాకు తనదని చెప్పుకొన ఒక్క రేవు లేదు. ఉన్నవానిలో మంచి రేవులెల్ల ఆంగ్లేయులవి. ఆంగ్లేయులో, 1902 నుండి జపానుకు మిత్రులు. కావున చక్రవర్తి హాంబర్గ్-అమెరికా యను జర్మను కంపెనీతో బొగ్గుకు బేరము కుదుర్చుకొనెను.

ఇక ఆ యాత్రను చూడుడు. డకార్ కడ ఫ్రెంచివారు, మిత్రులై యుండియు, బొగ్గు నెక్కించుకొనుటకు అభ్యంతరము చెప్పిరి. ఆఫ్రికా పడమటి తీరమున గ్రేట్ ఫిష్ అఖాతమును చేరగా, పోర్చుగీసువారి చిన్న తుపాకిపడవ యొకటి వచ్చి ఈ మహాదళమును వెడలిపొమ్మని ఆజ్ఞాపించినది! నవ్వు వచ్చుచున్నదా? ఒక్క ఫిరంగి దెబ్బకు మునిగిపోవు పడవ అది. అయినను న్యాయము దాని పక్షమున నున్నది. ఏలన, రేవు దానిది. మడగాస్కరు ద్వీపమున నోసీబే కడ రెండు నెలలకు పైగా ఆ దళము కదలక పడియుండెను. ఇక తూర్పునకు తమ ఓడలు రావని జర్మను కంపెనీవారు మొరాయించిరి. వీరు రక్షింప బయలుదేరిన పోర్ట్ ఆర్థరు 1905 జనవరిలోనే జపాను వశమైనది. ఆ యుక్కలో, ఆ తేమలో, జ్వరములతోను తగవులతోను నావికులు చిక్కి సగమైరి.

పిమ్మట హిందూమహాసముద్రమును దాటునపుడు నడికడలిలో ఓడల నిలిపి, చిన్న పడవలలో బొగ్గుబస్తాలను చేరవేసికొనిరి. మరల ఎప్పుడు దొరకునో యను భయమున, కొట్లు నిండిన తరువాత ఓడ పైతట్టునను, అధికారుల గదులలోను గూడ బొగ్గును గుట్టలుగా పోసిరి. ఓడలు బరువెక్కి నీటిలోనికి దిగబడెను. నీటికి పైన నుండవలసిన ఉక్కుకవచము నీటి క్రిందికి పోయెను. కామ్‌రాన్ అఖాతమున కొన్నాళ్లు నిలువనెంచగా, జపాను ఫిర్యాదు చేయుటచే ఫ్రెంచివారు అచ్చటినుండియు లేవగొట్టిరి. మే 27, 28 తేదీలలో సుషీమా జలసంధిలో జరిగినది లోకమెఱుగును. టోగో నాయకుని ప్రతాపమును తగ్గించుట మా యుద్దేశము కాదు. ఆ విజయము ఆసియా ఖండమునంతటిని మేలుకొలిపినది. కాని ఆయన ఫిరంగులు పేలుటకు ముందు ఏడు నెలలపాటు పరుల వాకిళ్లలో బిచ్చమెత్తుటతోనే ఆ దళము సగము ఓడిపోయి యుండెను.

ఈ యుద్ధము ముగిసిన రెండేండ్లకు, 1907లో, హేగు నగరమున కూడిన రాజ్యములు సముద్రయుద్ధమున తటస్థుల హక్కులను గూర్చి పదమూడవ ఒడంబడికను వ్రాసికొన్నవి. దాని 19వ అధికరణము చెప్పునదేమన, యుద్ధము చేయు రాజ్యపు ఓడ తటస్థుని రేవున తన దేశపు సమీపరేవును చేరుటకు చాలునంత ఇంధనము మాత్రమే తీసికొనవచ్చును. కొట్లు నిండునంత ఇచ్చు పద్ధతి గల రాజ్యములకు మినహాయింపు గలదు. 20వ అధికరణము ప్రకారము, ఒకమారు తీసికొన్న యోడ మూడు నెలలు గడచువఱకు ఆ రాజ్యపు ఏ రేవునందును మరల తీసికొనరాదు. న్యాయవాదులము గనుక మాటకు మాట తూచి చూతము. ఇంటికి పోవుటకు చాలునంత! పోరాడుటకు చాలునంత కాదు. అనగా సొంత రేవు దూరమై, సొంత తైలనౌక లేని దళమునకు అంతర్జాతీయ న్యాయము చేయు హితబోధ ఒక్కటే: నాయనా, ఇంటికి పొమ్ము.

దీనిని తప్పించుకొనుటకు మార్గములు రెండే. మొదటిది సామ్రాజ్యముల మార్గము. దారిపొడవున రేవుల నాక్రమించుట. 1839లో బొంబాయినుండి పోయిన సేన ఏడెనును పట్టుకొన్నది. ఆవిరియోడలకు బొగ్గు నిలువచేయు తావు కావలసియుండుట అందులకొక ముఖ్యకారణము. జిబ్రాల్టరు, కొలంబో, సింగపూరు మొదలగునవి యన్నియు ఆ గొలుసులోని కడియములే. బొగ్గుకాలము గతించిన పిదప ఆ బుద్ధియు గతించినదని యనుకొందురేమో! మన హిందూమహాసముద్రము నడుమనున్న డీగోగార్షియా దీవిని చూడుడు. 1968 మొదలు 1973 వఱకు గల కాలమున ఛాగోస్ దీవులలోని జనమును, పుట్టినగడ్డ నుండి, ఆబాలవృద్ధముగా ఓడలకెక్కించి పంపివేసిరి. ఆంగ్లేయులు స్థలమిచ్చిరి, అమెరికనులు స్థావరము కట్టిరి. ఒక రేవునకు పడిన వెల అది.

రెండవ మార్గము, రేవునే ఓడగా చేసి వెంట తీసికొనిపోవుట. పరుల గడ్డను కోరని దేశమునకు, కోరరాదని నమ్మిన దేశమునకు, ఇది తప్ప గత్యంతరము లేదు. ఈ సంగతి మన నౌకాప్రియులు గ్రహింపకుండుటయే మాకు ఆశ్చర్యము.

రేవులు సమృద్ధిగా నున్నవాడు ఈ విద్యను నేర్వడు. ఆంగ్లేయులే దీనికి సాక్షులు. 1945లో వారి దళము పసిఫిక్ మహాసముద్రమున అమెరికనుల ప్రక్కన పోరాడబోయినపుడు, ఓడ వెనుకతట్టున రబ్బరుగొట్టమును నీటిమీద తేలవిడిచి, వెనుకనుండి వచ్చు నౌక దానిని పట్టుకొను పాత పద్ధతినే చాలవఱకు నమ్ముకొనిరి. గొట్టములు తెగెను, గంటలు గడచెను, తైలనౌకలు చాలకపోయెను. అమెరికనులో, రెండు నౌకలను ప్రక్కప్రక్కన నడపుచు తైలమిచ్చు విద్యను 1917లోనే సాధించి యుండిరి. గ్రీన్‌లాండు దక్షిణమున సుమారు 300 మైళ్ల దూరమున మామీ యను తైలనౌక, ఐర్లండునకు పోవుచున్న ఆరు డిస్ట్రాయరు నౌకలకు మార్గమధ్యముననే తైలమందించినది. దాని యంత్రాధికారి నిమిట్జ్. తరువాతి యుద్ధమున పసిఫిక్ దళమునకెల్ల నాయకుడైనవాడు. ఆ దినము మే 28. సుషీమా ముగిసి సరిగా పండ్రెండేండ్లు!

నూనెబండి యని తేలికగా పలుకువారు ఈ పని యెట్లు జరుగునో ఒకమారు వినవలెను. రెండు నౌకలు నూరునుండి రెండువందల అడుగుల యెడముతో, 12 మొదలు 16 నాట్ల వేగమున, సరిసమానముగా సాగవలెను. తైలమిచ్చు ఓడ తన దారిని, వేగమును మార్చదు. పుచ్చుకొను నౌకయే దానిని కనిపెట్టుకొని నడచును. మొదట తుపాకితో సన్నని దారమును అవతలి యోడమీదికి పేల్తురు. ఆ దారముతో తాడును, తాడుతో మోకును, మోకుతో ఇనుపత్రాడును లాగికొందురు. ఆ యినుపత్రాడునుండి వ్రేలాడుచు లావైన గొట్టము దాటిపోవును. కెరటమునకు ఓడలు దగ్గరై దూరమై ఊగుచుండగా త్రాడు వదులు కాకుండ, తెగకుండ, యంత్రమొకటి దానిని ఎప్పటికప్పుడు బిగించుచు సడలించుచుండును. ఇదిగాక మఱియొక చిక్కు. అంత దగ్గరగా సాగు నౌకల నడుమ ఇరుకున పడిన నీరు వడిగా పాఱి రెండింటిని ఒకదానివైపు ఒకదానిని లాగుచుండును. చుక్కాని పట్టినవాడు ఒకటి రెండు డిగ్రీలు ఏమరిన ఉక్కుతో ఉక్కు ఢీకొనును. ఇట్లు గంటలకొలది, ఒక్కొక్కప్పుడు చీకటిలో, జరుగవలెను. తైలము మాత్రమే కాదు. మందుగుండు, ఆహారము, మందులు, యంత్రభాగములు త్రాళ్లమీదను హెలికాప్టరులమీదను దాటిపోవును. శత్రువు కనబడినచో అన్నిటిని విడదీసికొని క్షణములలో తొలగిపోవలెను. కత్తి దూయుటకన్న ఇది తక్కువ విద్యయా?

ఈ విద్యయం దారితేరినవారికే 1944 డిసెంబరులో ఏమైనదో వినుడు. ఫిలిప్పీనుల తూర్పున అడ్మిరల్ హాల్సీ దళము తైలము తీసికొనబోవుచుండగా తుపాను విరుచుకొనిపడెను. గొట్టములు తెగిపోయెను, తైలమెక్కించుట మానుకొనవలసివచ్చెను. ఖాళీ తొట్లతో తేలికపడిన డిస్ట్రాయరులు గాలికి ఆగలేకపోయెను. డిసెంబరు 18వ తేదీన మూడు నౌకలు బోర్లపడి మునిగెను. దళమున సుమారు 790 మంది నావికులు ప్రాణములు కోల్పోయిరి. శత్రువు ఒక్క గుండును పేల్చలేదు.

ఇక మన యింటి సంగతి. 1971 డిసెంబరు 4వ తేదీ రాత్రి కరాచీని దెబ్బతీసిన మన క్షిపణి పడవలు స్వల్పదూరము మాత్రమే పోగలవి. ఆ జట్టుతో పోషక్ అను తైలనౌక గూడ నుండెను. ఆ పేరు పెట్టినవారు పని తెలిసినవారే. నిపాత్, నిర్ఘాత్, వీర్ అను పడవల పేర్లు పిల్లలకు నేర్పితిమి. పోషక్ పేరు మఱచితిమి.

మన పెద్ద తైలనౌకల జాతకమును గూడ విచారింపుడు. 1967లో చేరిన మొదటి దీపక్ పశ్చిమజర్మనీలో కట్టినది. 1996లో వచ్చిన జ్యోతి రష్యాది. 2011లో చేరిన రెండవ దీపక్, రెండవ శక్తి ఇటలీవి. ఆదిత్య యొక్కటి మాత్రము కలకత్తాలో మన చేతులతో కట్టితిమి. ఆత్మపక్షమునకు ప్రతికూలమైన సాక్ష్యమును దాచుట న్యాయము కాదు గనుక చెప్పుచున్నాము: ఆదిత్య 1993లో జలప్రవేశము చేసి, దళమున చేరుటకు 2000 వఱకు పట్టినది. ఇటలీవారో రెండు నౌకలను ఒకే సంవత్సరమున అప్పగించిరి. అట్లయిన కొనుట మేలు గదా యని ప్రతివాది యడుగును. అడుగవలసినదే. కాని ఒక్క ఓడ కట్టించి పిదప ఏండ్లకేండ్లు పని చూపకున్నచో ఏ కార్ఖానాలో చేయి తిరిగిన పనివాడు నిలుచును? పది సంవత్సరముల కొకమారు వండువాడు వంటవాడగునా?

వేరొక వాదము మఱింత మెత్తనిది. 2016లో అమెరికాతోను, 2018లో ఫ్రాన్సుతోను, 2020లో ఆస్ట్రేలియా జపానులతోను పరస్పర సరఫరాకు ఒప్పందములు చేసికొంటిమి గదా, వారి రేవులు, వారి తైలనౌకలు మనవే గదా యందురు. 2020 సెప్టెంబరులో ఉత్తర అరేబియా సముద్రమున మన తల్వార్ అమెరికావారి యూకన్ ఓడనుండి తైలము తీసికొన్న మాట నిజమే. శాంతికాలమున అది మంచి వసతి, వలదనము. కాని అమెరికా ఒప్పందమున ప్రతి అభ్యర్థనయు విడివిడిగా విచారింపబడును. ఇచ్చితీరవలెనను నిర్బంధము ఏ పక్షమునకును లేదు. అడుగు హక్కు మనది, ఆలోచించు హక్కు వారిది. ఇట్టి పత్రముమీద ఏ షావుకారైనను అప్పిచ్చునా? వారికి మిత్రుడైనవానితో మనకు వైరము వచ్చిననాడు ఆ యాలోచన ఎన్ని దినములు సాగునో డకార్ కడ రష్యావారిని అడుగవలెను.

ధనమును గూర్చి ఒక్కమాట. 44,000 టన్నుల ఓడలు అయిదింటికి 19,000 కోట్లు. ఒక్క విక్రాంత్‌కు దాదాపు 20,000 కోట్లయినది. గుఱ్ఱమునకు వెచ్చించి గడ్డికి గొణుగుట గృహస్థుని లక్షణము కాదు.

ఈ పని విశాఖపట్టణమునకు వచ్చినది. అందులకు ఆంధ్రులు గర్వించిన తప్పులేదు. 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు అచ్చట శంకుస్థాపన చేసిరి. మరుసటి ఏప్రిల్‌లో జపాను బాంబులు ఆ పట్టణముమీద పడినవి. అయినను 1948 మార్చి 14వ తేదీన జల ఉష నీటిలో దిగినది. ఆ శాలయే హిందూస్థాన్ షిప్‌యార్డు. దానికి నడుమ పట్టిన దుర్దశ విశాఖవాసు లెఱుగుదురు. పనిలేక క్రేనులు నిలిచిన దినములు గలవు. 2010లో అది రక్షణశాఖ క్రిందికి వచ్చినది. 2023 ఆగస్టులో ఒప్పందము, 2024 ఏప్రిల్‌లో ఉక్కు కోత, నవంబరులో మొదటి యోడకు అడుగుదూలము. అయిదింటిలో రెంటి పనిని తమిళనాడున కాటుపల్లిలోని లార్సెన్ టూబ్రోవారికి అప్పగించిరి. అందు మాకు ఈర్ష్య లేదు. ఓడ వేళకు వచ్చుటయే ముఖ్యము.

మా భయమంతయు ఆ వేళను గూర్చియే. మొదటి యోడ 2027లో అప్పగింపవలెనని కట్టడి. ఆదిత్య గతి దీనికి పట్టరాదు. మన ప్రాంతపు పార్లమెంటు సభ్యులు, ముఖ్యముగా విశాఖ ప్రతినిధి, ఆరు మాసముల కొకమారు సభలో మూడు ప్రశ్నలు వేయవలెను: ఏ యోడ ఎంతవఱకు వచ్చినది, ఆలస్యమైనచో కారణమెవరు, అయిదవ యోడ నీటిలో దిగులోపల శాలకు తరువాతి పని ఏది సిద్ధపఱచిరి. మూడవ ప్రశ్నకు జవాబు రానిచో సభలో మరల లేచి అడుగవలెను.