మౌనమే రెండవ నేరము

పుండుపై పట్టుగుడ్డ కప్పినంతమాత్రమున పుండు మానదు. లోలోన కుళ్లి ప్రాణమునకే ముప్పు తెచ్చును. పరువు కొఱకు పాపమును దాచిన సంస్థలన్నిటికిని ఈ గతియే పట్టినది. ఆస్ట్రేలియా దేశపు క్రైస్తవ సంఘముల చరిత్ర యిందుకు నిదర్శనము.

ఆ దేశమున చర్చిలును, వానిని జేరిన పాఠశాలలును, అనాథశరణాలయములును తరతరములుగా ప్రజల విశ్వాసమును బడసినవి. ఆ విశ్వాసము చాటుననే వేలకొలది పసిబిడ్డలు లైంగికమైన యత్యాచారములకు లోనైరి. ఫిర్యాదు వచ్చినప్పుడు సంఘాధికారులు పెక్కు తావుల నేమి చేసిరి? నేరము చేసిన మతగురువును పోలీసులకు అప్పగింపక, వేఱొక యూరి దేవాలయమునకు బదిలీ చేసిరి. అచ్చట క్రొత్త బిడ్డలు బలియైరి. మొదటి నేరము ఒక దుర్మార్గునిది. రెండవది, తెలిసియు నోరు మెదపని పెద్దలందఱిది.

2013లో ఆ ప్రభుత్వము రాయల్ కమిషను నొకదానిని నియమించెను. ఎనిమిది వేలకు పైగా బాధితులు కమిషనర్ల యెదుట ఏకాంతముగా తమ గోడు వెళ్లబోసికొనిరి. వారిలో నూటికి 58 మందికి పైగా మతసంస్థలలోనే చెఱుపబడినవారు. జరిగినది మొట్టమొదట నోరు విప్పి చెప్పుటకు వారికి సగటున 23 ఏండ్లకు పైగా పట్టెనట! బిడ్డ చెప్పలేదనుట సరికాదు. వినువాడు లేకపోయెననుట సత్యము. 2017 డిసెంబరులో 17 సంపుటముల తుది నివేదిక వెలువడెను.

ఇక గాయము మానుట యెట్లు? క్షమింపుమని బాధితునికి బోధించుట సులభము. కాని సత్యమును ఒప్పుకొనక ముందు క్షమను కోరుట రెండవమాఱు హింసించుటయే. బల్లరాట్ పట్టణమున 2015లో ప్రజలు చర్చి సంస్థల కంచెలకు రంగురంగుల రిబ్బనులు కట్టి, 'మిమ్ము నమ్ముచున్నాము' అని బాధితులకు మాటలేకయే తెలిపిరి. 2018లో పరిహార పథకము మొదలయ్యెను. అందు ధనముతోపాటు మనోవైద్యసహాయమును, కోరినవారికి ఆ సంస్థ ముఖాముఖిగా చెప్పు క్షమాపణయు గలవు. ఆ యేటి అక్టోబరు 22న పార్లమెంటులో ప్రధానమంత్రియే జాతి పక్షమున క్షమాపణ వేడెను. పోయిన బాల్యము తిరిగి రాదు. కాని తాను అబద్ధమాడలేదని లోకము ఒప్పుకొనుటయే బాధితునికి తొలి యౌషధము.

ఇది చదివి పరమతమును ఎత్తిపొడుచువారు మనలో ఉండవచ్చును. అది తగదు. ప్రభుత్వ పాఠశాలలలోను, క్రీడాసంఘములలోను గూడ ఇట్టి దారుణములు జరిగెనని ఆ కమిషనే తేల్చినది. మన మఠములు, వసతిగృహములు, మన లోగిళ్లు మాత్రము నిష్కళంకములని ఎవరు ప్రమాణము చేయగలరు? 'బయటికి పొక్కిన పిల్ల పెండ్లి చెడును' అని తల్లి నోరు నొక్కు కుటుంబములు మన యూళ్లలో లేవా?

మన దేశమున 2012 నాటి పోక్సో చట్టము బిడ్డలపై జరిగిన యిట్టి నేరమును ఎఱిగిన ప్రతివ్యక్తియు పోలీసులకు తెలుపవలెనని శాసించుచున్నది. తెలుపనివానికి శిక్షయు విధించుచున్నది. కాని చట్టము మన నోటికి బదులుగా మాటలాడదు. బిడ్డ చెప్పినప్పుడు గదమాయింపక వినుడు, విన్నదానిని నమ్ముడు, నమ్మినదానిని ఠాణాలో చెప్పుడు. చర్చికైనను, గుడికైనను, మసీదుకైనను బిడ్డ కన్నీటి కంటె పరువు గొప్పది కానేరదు.