ప్రెస్సుకు వెళ్లే ముందు

తెలుగులో పిల్లల కోసం రాసేవాళ్లు చాలామంది ప్రచురణకర్త కోసం వెతకరు, నేరుగా ప్రెస్సుకే వెళతారు. డీటీపీ, బొమ్మలు, కాగితం ఖర్చంతా తామే భరించి, ఆవిష్కరణ సభలో కాసిని కాపీలు పంచుతారు. మిగిలిన కట్టలు అటకెక్కుతాయి. అందులో తప్పేముంది, ఇంగ్లిష్ పిల్లల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ కూడా అదే చేసింది కదా అనవచ్చు. చేసింది. ప్రచురణకర్తలు కాదన్నాక 'పీటర్ రాబిట్' కథను 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 కాపీలు వేయించుకుంది. అయితే ఫ్రెడరిక్ వార్న్ సంస్థ ఆ పుస్తకం వేయడానికి ఒప్పుకుంటూ బొమ్మలకు రంగులుండాలని షరతు పెట్టింది. ధర పెరుగుతుందని రంగులు వద్దనుకున్న ఆమె, మళ్లీ కుంచె పట్టింది. చిన్న చేతుల్లో ఇమిడే చిన్న సైజు మాత్రం ఆమె పట్టుదలే. 1902 అక్టోబరులో వెలువడిన ప్రతి ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో తయారైంది. సొంతంగా వేయించుకున్నది ఆమెకు నమూనా ప్రతి. మన రచయితలకు అదే ఆఖరి ప్రతి.

మధ్యలో ఉండాల్సిన మనిషి సంపాదకుడు. ప్రూఫులు దిద్దడం అతని పనిలో చిన్న భాగం. కథ ఏ వయసు వాళ్లకో తేల్చడం, బొమ్మ చెప్పేసిన సంగతిని వాక్యంలోంచి తీసేయడం, పేజీ తిప్పితేగానీ తెలియకూడని విషయాన్ని పేజీ అవతలికి నెట్టడం, చివర తగిలించిన నీతిని కొట్టేయడం (రచయితలు అన్నిటికన్నా ఎక్కువగా పోట్లాడేది దీని కోసమే) అతని అసలు పనులు. ఇది మనకు కొత్త కాదు. 1952 నుంచి 1980లో మరణించేదాకా 'చందమామ'ను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు, పాఠకులు పంపిన కథలను తిరగరాసి పత్రిక ఒరవడిలోకి తెచ్చేవారు. పిల్లలు హాయిగా చదువుకున్న ఆ తేట వచనం వెనక ఆ చాకిరీ ఉంది.

అలా దిద్దితే రచయిత గొంతు పోతుందన్న భయం ఉత్తది కాదు; అన్ని కథలూ ఒకే అచ్చులో పోసినట్టు తయారయ్యే ప్రమాదం 'చందమామ'కూ ఉండేది. అందుకే సంపాదకుడు పాఠకుడి పక్షాన మాట్లాడాలి, రచయిత కాదనగలగాలి. ఇంకా గట్టి అభ్యంతరం డబ్బుది. అమ్మకాలే లేనప్పుడు సంపాదకుడికి జీతమెవరిస్తారు? మంచి పుస్తకం, తూలిక వంటి సంస్థలు శ్రద్ధగా వేస్తున్నా, ఒకరిద్దరితో తీరే కొరత కాదిది. కానీ ఇంటి పన్ను కట్టే ప్రతివాడూ రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాడు. ఆ సొమ్ములో కొంత పిల్లల పుస్తకాలకని విడిగా పెట్టి, సంపాదకుడి పేరున్న పుస్తకాలనే కొంటామని గ్రంథాలయ సంస్థలు ముందే చెబితే, ప్రచురణకర్త ఆ జీతానికి లెక్క చూసుకోగలడు.