ఓటీపీ ఎవరికీ చెప్పలేదు... అయినా డబ్బులు పోయాయి

"నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదురా, ఒట్టు!"

మొన్నామధ్య మా బాబాయ్ ఫోన్ చేసి అన్న మొదటి మాట ఇది. ఖాతాలోంచి 86 వేలు పోయాయి. పోయి అప్పటికే రెండు రోజులైంది. పిన్నికి కూడా చెప్పలేదు. "ముప్ఫై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, ఇలా మోసపోయానంటే నవ్వుతార్రా" అన్నాడు.

జరిగింది ఇదీ. తెలిసినాయన నంబరు నుంచి వాట్సాప్‌లో "ట్రాఫిక్ చలానా" అని ఒక ఫైలు వచ్చింది. పేరు చివర ఏపీకే అని ఉంది. ఏపీకే అంటే కాగితమూ కాదు, ఫోటో కాదు, ఆండ్రాయిడ్ ఫోన్లోకి ఎక్కే ప్రోగ్రాము. పంపినాయనకి ఆ సంగతే తెలీదు, ఆయన ఫోన్ అప్పటికే దొంగల చేతుల్లో ఉంది. బాబాయ్ నొక్కాడు. ఎస్సెమ్మెస్‌లు చదవడానికి పర్మిషన్ అడిగితే ఇచ్చాడు. చలానా కట్టమని కార్డు వివరాలు అడిగితే కొట్టాడు. అంతే. బ్యాంకు పంపిన ఓటీపీలు ఈయన కళ్ళజోడు వెతుక్కునేలోపే అవతలివాడికి చేరిపోయాయి.

అంటే బాబాయ్ చెప్పింది అక్షరాలా నిజం. ఓటీపీ ఆయన చెప్పలేదు, ఫోనే చెప్పేసింది!

ఇలాంటిది ఎవరికైనా జరగ్గానే మనందరం అనే మాట ఒకటుంది. "చదువుకుని కూడా అలా ఎలా నొక్కారండీ?" అని. నేనూ అనబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, కిందటి సంక్రాంతికి ఆ ఫోన్ సెట్ చేసిచ్చింది నేనే. "ఇదేంట్రా, నా కాంటాక్టులు చూస్తానంటోంది?" అని ఆయన అడిగితే, "ఏదడిగినా అలో నొక్కెయ్ బాబాయ్, లేకపోతే పనిచెయ్యదు" అన్నదీ నేనే.

ఆయన నాకన్నా తెలివైన ప్రశ్న వేశాడు. నేనే నోరు మూయించాను.

సాఫ్ట్‌వేర్ వాళ్ళం అందరం కలిసి జనానికి ఇన్నేళ్ళూ నేర్పింది ఇదే కదా. టార్చిలైటు యాప్‌కి కాంటాక్టులెందుకో ఎవరూ అడగరు. రోజూ నాలుగుసార్లు "అలో" నొక్కించి, ఒకరోజు హఠాత్తుగా "ఆలోచించి నొక్కాలి కదా" అంటే ఎలా?

ఇక రెండో సంగతి. 2009లో రిజర్వ్ బ్యాంకు ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకి రెండో తనిఖీ తప్పనిసరి చేసింది. చాలా మంచి పని. తర్వాత ఆ తనిఖీ అంటే ఓటీపీయే అని స్థిరపడింది. అప్పట్లో కొనేది కంప్యూటర్లో, ఓటీపీ వచ్చేది బటన్ల ఫోన్‌కి. దొంగ రెండింటినీ పట్టుకోవాలి. ఇప్పుడు రెండూ ఒకే ఫోన్లో ఉన్నాయి. తాళం, తాళంచెవి ఒకే సంచిలో వేసి, సంచి జాగ్రత్త అని చెప్తున్నాం. అమెరికాలో ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఎస్సెమ్మెస్ కోడ్‌ని పరిమితంగా వాడాల్సిన పద్ధతుల్లో చేర్చింది. మన రిజర్వ్ బ్యాంకు ఓటీపీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా వేరే పద్ధతులకీ దారి ఇస్తూ 2025 సెప్టెంబరులో నిబంధనలిచ్చింది. మంచిదే, కానీ ఎంత ఆలస్యం!

బ్యాంకుకెళితే "ఓటీపీ సరిగ్గానే పడింది సార్, అంటే మీరు చేసినట్టే" అన్నారు. కానీ 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ చదివితే తప్పు ఖాతాదారుడిదని నిరూపించాల్సిన భారం బ్యాంకు మీదే పెట్టారు. ఇది కౌంటర్లో ఎవరూ చెప్పరు.

కార్డు నంబరు ఈయనే ఇచ్చాడుగా, బ్యాంకు మాత్రం ఏం చేస్తుంది అంటారా? నెలకి రెండు మూడు వేలు కదిలే ఖాతాలోంచి, అర్ధరాత్రి, పది నిమిషాల్లో 86 వేలు కొత్తవాళ్ళకి వెళ్తుంటే పొద్దున్న దాకా ఆపొచ్చు. ఒక్క ఈఎంఐ ఒక్కరోజు ఆలస్యమైతే నాకు ఐదుసార్లు ఫోన్ చేసే వ్యవస్థ, ఈ ఒక్క ఫోన్ చెయ్యలేదా?

మేం 1930కి చేసి ఫిర్యాదిచ్చాం. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి దూకుతూ పోతుంటుంది, ఎంత త్వరగా చెబితే మధ్యలో అంత ఆపగలుగుతారు. మాకు ఆగింది 11 వేలు. మిగతాదాని కోసం బ్యాంకుతో ఉత్తరాలు నడుస్తున్నాయి. ఆ రెండు రోజులూ బాబాయ్ సిగ్గుతో కూర్చోకపోయుంటే ఇంకెంత ఆగేదో! నా లెక్కలో దొంగకి అందరికన్నా ఎక్కువ సాయం చేసింది ఆ సిగ్గే. దాన్ని ఆయనకి నేర్పింది మన ఎగతాళే.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్ ఒకసారి తీసుకోండి. వాట్సాప్ నుంచి, బ్రౌజర్ నుంచి యాప్‌లు ఎక్కించే పర్మిషన్ ఉంటే తీసేయండి. ఎస్సెమ్మెస్‌లు, యాక్సెసిబిలిటీ ఏ యాప్‌ల చేతుల్లో ఉన్నాయో చూడండి. ఎక్కువ డబ్బున్న ఖాతాని యూపీఐకి తగిలించకండి, ఖర్చులకి చిన్న ఖాతా ఒకటి వేరే పెట్టండి. 1930ని కాంటాక్టుల్లో సేవ్ చెయ్యండి.

అన్నిటికన్నా ముందు ఒక మాట చెప్పండి. "డబ్బులు పోతే మొదట నాకే చెప్పు, నేను తిట్టను" అని. నేనిది బాబాయ్‌కి సంక్రాంతికే చెప్పుండాల్సింది.