డబ్బీలోని రూపాయి, దాని నిజమైన వెల

శంషాబాదునకు ఆ పేరు పైగా అమీరుల బిరుదమగు షంసుల్ ఉమ్రా నుండి వచ్చినదని చెప్పుదురు. ఆ చిన్న ఊరు 2008 మార్చి మాసమున విమానాశ్రయము తెరచినది మొదలు లోకమునకు వాకిలియైనది. రమారమి 5,500 ఎకరముల భూమి రన్వేల క్రిందికిని, మేడల క్రిందికిని పోయెను. చుట్టుప్రక్కల పొలములు గజముల లెక్కను అమ్ముడుపోవుచున్నవి. పొలమమ్మిన సొమ్ము చేతిలోనున్నవానికి సలహాదారుల కొదువ యెన్నడును లేదు. స్థలము కొనుమని యొకడు, చీటీ కట్టుమని యొకడు, బంగారము దాచుమని మరియొకడు చెప్పును. ఇప్పుడా వరుసలో పాత నాణెములవారు చేరినారు. ప్లాస్టిక్ డబ్బీలో బిగించి, పైన అంకెలచీటి యంటించిన రూపాయిని చూపి, “దీని గ్రేడు అరువదియైదు, వచ్చే యేటికి ధర రెట్టింపు” అని చెప్పుట వీరి పద్ధతి. ఈ మాటలో నిజమెంత, నేర్పెంత అనునది విచారింపదగిన విషయము.

నాణెమునకు వెల కట్టుట మన వారికి క్రొత్త విద్య కాదు. నిజాము రాజ్యమున హాలీ సిక్కా చెల్లినంత కాలము ప్రతి షరాబును రెండు రూపాయలను ప్రక్కప్రక్కన పెట్టుకొని లెక్క చూచినవాడే. బ్రిటిషు రూపాయి బరువు 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్ళు వెండి. అనగా శుద్ధమైన వెండి 10.69 గ్రాములు. ఉస్మానియా రూపాయి తొలినాళ్ళలో 11.178 గ్రాములు తూగుచు, నూటికి 81.8 పాళ్ళు వెండి కలిగియుండెను, అనగా 9.14 గ్రాములు. బజారులో నూరు బ్రిటిషు రూపాయలకు హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైసలు చెల్లుచుండెను. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిషు రూపాయలతో సమానమన్నమాట. గుణించి చూడుడు: ఏడు హాలీలలోని వెండి 64 గ్రాములు, ఆరు బ్రిటిషు రూపాయలలోని వెండి 64.1 గ్రాములు. రెండు ప్రభుత్వముల ముద్రలు వేరైనను, మారకపు ధర లోహమును విడిచి దూరము పోలేదు. ముద్రను చూచి మోసపోక, లోపలి సరుకును తూచి చూచిన ఆ షరాబు బుద్ధియే నేటి కొనుగోలుదారునకును కావలసినది.

అయితే హాలీ రూపాయి 1948 తరువాత కొన్ని యేండ్లకు చలామణి నుండి తొలగెను. నేడు దానికి వెల కట్టవలసినచో మూడింటిని వేరువేరుగ చూడవలెను. మొదటిది లోహపు వెల. ఇది త్రాసు చెప్పును. రెండవది అరుదుతనము. అట్టి నాణెములు ఎన్ని ముద్రింపబడెను, ఎన్ని కరగిపోయెను, ఎన్ని మిగిలెను అనునది చరిత్ర చెప్పును. మూడవది స్థితి. అక్షరములు అరగినవా, అంచు చెడినదా, సహజమైన మెరుగు నిలిచినదా అనునది కన్ను చెప్పును. డబ్బీమీది అంకె ఈ మూడవదానిని గూర్చి మాత్రమే చెప్పునది. నాణెము నకిలీ కాదను హామీ దానికి తోడగును. అంతకుమించి అది యేమియు చెప్పదు.

ఈ అంకెల పుట్టుక తెలిసికొన్నచో దాని హద్దులును తెలియును. 1949లో విలియం షెల్డన్ అను అమెరికా పండితుడు ఆ దేశపు పాత రాగి సెంటులకై ఒకటి మొదలు డెబ్బది వరకు ఒక కొలబద్ద కట్టెను. మిక్కిలి అరగిన సెంటు వెల ఒకటియైనచో, చెక్కుచెదరని సెంటు వెల దానికి డెబ్బది రెట్లని అతని భావము. వెలకును అంకెకును గల ఆ లంకె ఎన్నడో తెగిపోయెను. అంకెలు మాత్రము మిగిలెను. 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. అను అమెరికా సంస్థలు ఆ కొలబద్దతోనే నాణెములను పరీక్షించి డబ్బీలలో బిగించు వ్యాపారము ప్రారంభించినవి. దీనివలన మేలు లేకపోలేదు. నకిలీలు తగ్గును, దూరముననున్న కొనుగోలుదారునకు ధైర్యము కలుగును. కాని అరువదియైదునకును అరువదియారునకును నడుమనున్న భేదము ఒక నిపుణుని కంటిలోని భేదమే. ఆ ఒక్క అంకెకై రెట్టింపు ధర పెట్టువాడు నాణెమును గాక చీటిని కొనుచున్నాడు.

వేరొక భ్రమ కలదు. “ఇంత మంచి గ్రేడులో ఈ నాణెములు లోకమున మూడే కలవు” అని అమ్మువాడు సంస్థ జాబితా చూపును. ఆ జాబితాలోనున్నవి పరీక్షకు పంపబడిన నాణెములు మాత్రమే. తెలుగునాట పెట్టెలలో, దేవుని గూళ్ళలో, కాసుల పేరులలోనున్నవి దానికెక్కలేదు. చవుకయైన నాణెమును రుసుము చెల్లించి పరీక్షకు పంపువారుండరు గనుక జాబితాలో సంఖ్య స్వల్పమగును. దీనిని అరుదుతనమనుట అన్యాయము.

నిజమైన అరుదుతనమునకు కారణముండును. 1911 నాటి ఐదవ జార్జి రూపాయిపై రాజు వస్త్రముననున్న ఏనుగు బొమ్మ పందివలె కనబడుచున్నదని జనులలో అలజడి పుట్టగా, ప్రభుత్వము దానిని ఉపసంహరించి, 1912లో బొమ్మను సవరించెను. అట్లే ఆరవ జార్జి రూపాయిలలో 1939 నాటిది అరుదు. మరుసటి యేటినుండి రూపాయిలో వెండి సగమునకు తగ్గింపబడెను. 1938 నాటిది మాత్రము సులభముగా దొరకును. ఎనిమిదిని తొమ్మిదిగ దిద్దుట నేర్పరికి కష్టము కాదు గనుక ఇట్టి నాణెమునకు నిపుణుని పరీక్ష అవసరమే. మన చార్మినారు రూపాయిలో గోపురద్వారమున ‘మీము’ అక్షరమున్న నది మహబూబ్ అలీఖానుది, ‘అయిను’ ఉన్న నది ఉస్మాన్ అలీఖానుది. ఈ మాత్రము చదువనేర్చినవానిని వంచించుట సులభము కాదు.

ఇక చట్టము మాట. నూరేండ్లు నిండిన నాణెము 1972 నాటి శాసనము ప్రకారము పురావస్తువు. దానిని దేశము దాటించు అధికారము కేంద్రప్రభుత్వమునకును అది నియమించిన సంస్థకును తప్ప మరెవ్వరికిని లేదు. తప్పినవారికి ఆరునెలలు మొదలు మూడేండ్లవరకు కారాగారము. 1911లో గతించిన మహబూబ్ అలీఖాను నాణెములన్నియు ఈ లెక్కలోనివే. కావున అట్టి నాణెము అమెరికా డబ్బీలో కనబడినచో, అది యెప్పుడు దేశము వెడలెను, ఏ మార్గమున తిరిగి వచ్చెను, సుంకపు రసీదు కలదా అని ప్రశ్నింపవలెను. పురావస్తువుల నమ్ముటకు లైసెన్సు కావలెనని ఆ శాసనమే చెప్పుచున్నది. దానిని చూపుమనుటకు మొగమాటము వలదు. శంషాబాదు విమానాశ్రయమున కస్టమ్సువారు పెట్టె తెరచిననాడు డబ్బీమీది అంకె రక్షింపదు. నిజాముల వద్ద నుండిన జహంగీరు నాటి పండ్రెండు కిలోల బంగారు మొహరు 1987లో జెనీవాలో వేలమునకు వచ్చినదని విని కేంద్ర నేరపరిశోధక శాఖ వెదకెను, చిక్కలేదు. 2022లో మరల వెదకులాట మొదలాయెను. అంతటి వస్తువే చేజారిన దేశమున చిన్న నాణెములను కాపాడుకొను భారము ప్రజలదే.

పాత నాణెములు కొందుమని రిజర్వు బ్యాంకు పేరుచెప్పి కమీషను, పన్ను అని సొమ్ము లాగు ముఠాలను గూర్చి ఆ బ్యాంకే 2021 ఆగస్టున ప్రజలను హెచ్చరించెను. అమ్మజూపువానికి ముందుగ సొమ్ము చెల్లింపుమను బేరము ఏ కాలమునను బేరము కాదు.

కావున కొనదలచినవారు నాలుగు పనులు చేయుదురుగాక. డబ్బీమీది సంఖ్యను సంస్థ లెక్కలతో సరిచూడవలెను. డబ్బీలకును నకిలీలు కలవు. అమ్మువాడు చెప్పు ధరను విడిచి, వేలములలో అట్టి నాణెమునకు నిజముగా పలికిన ధరలను చూడవలెను. “ఇదే నాణెమును రేపు నీవెంతకు కొందువు?” అని అమ్మువానినే అడుగవలెను, ఆ రెండు ధరల నడుమనున్న గోతియే మీ నష్టము. చివరగా, కొనుటకు ముందు కన్నును తీర్చుకొనవలెను. 1903 నుండి నాణెములు ముద్రించిన సైఫాబాదు టంకసాలలో 2022 నుండి ప్రదర్శనశాల కలదు. అచ్చట గడపిన యొక పూట, దళారి చెప్పు పది మాటలకన్న మేలు.

వేడుకకై, చరిత్రపై ప్రేమకై నాణెము కొనువానిని మేము వారింపము; అది సంస్కారవంతుల అలవాటు. కాని పిల్లల చదువునకును, ముసలితనమునకును ఉంచుకొనవలసిన పొలపు సొమ్మును డబ్బీలో బిగించుట వివేకము కాదు. భూమి పోయినను దాని వెల మిగిలినదని నేడు శంషాబాదు రైతు ధైర్యము చెప్పుకొనుచున్నాడు. ఆ వెలయు చీటిమీది అంకెలలో కరగిపోయినచో అతనికి మిగులునది ప్లాస్టిక్ డబ్బీయే.